పాత కంప్యూటరును తెప్పించుకొనుట: దారిలో కలుగు నష్టము ఎవరిది?

మన కొండాపురపు సీమలో నేడు చదువుకొను పిల్లలుగల యిండ్లలో తఱచుగా వినవచ్చు కోరిక యొకటి కలదు. పదియవ తరగతి ముగించి పై చదువులకు పోవు బాలుడుగాని బాలికగాని తనకొక కంప్యూటరు కావలయునని తల్లిదండ్రుల నడుగును. క్రొత్తదానిని కొనుటకు పెక్కుమందికి శక్తి చాలదు. ఒక యేటి శనగ పంటమీదనో, కలిగిరి వేలములో అమ్మిన పొగాకుమీదనో మిగిలిన సొమ్ములో కొంత తీసి, ఏ చెన్నపట్టణమునుండియో హైదరాబాదునుండియో పాత డెస్క్‌టాప్ కంప్యూటరు నొకదానిని తెప్పించుకొందురు. డబ్బు ముందుగా పోవును. పెట్టె పిదప వచ్చును. ఆ పెట్టె విప్పునప్పటికి లోపలి యంత్రము పగిలియో, విరిగియో, వెలుగకయో యున్నచో ఆ యింటికి కలుగు కష్టము చిన్నది కాదు. అమ్మినవాడు “మేము మంచిగానే పంపితిమి” అనును. తెచ్చినవాడు “మాకిచ్చినట్లే తెచ్చితిమి” అనును. ఇద్దరి నడుమ నష్టము కొన్నవాని నెత్తిన పడును.

ఈ వ్యాసమునందు మేము వివరింపబూనినవి మూడు సంగతులు. యంత్రము దారిలో ఏల చెడును? చెడకుండ ఎట్లు కట్టి పంపవలయును? చెడి వచ్చినచో ఆ నష్టమును ఎవరు భరింపవలయును? ఈ మూడవ ప్రశ్నకు ఉత్తరము పెట్టె పగిలిన పిదప పుట్టునది కాదు. పెట్టె బయలుదేరకమునుపు వ్రాసుకొన్న మాటలలోను, పెట్టె చేతికి వచ్చిన గడియలో రసీదుమీద వ్రాసిన మాటలలోను ఆ యుత్తరము చాలవఱకు ఇమిడియుండును. చదువరులు ఈ యొక్క సంగతిని గుర్తుంచుకొన్నను మా శ్రమ ఫలించినట్లే.

పాత యంత్రములు ఎచ్చటనుండి వచ్చును?

పెద్ద కంపెనీలును, బ్యాంకులును, కళాశాలలును తమ కంప్యూటరులను సామాన్యముగా మూడేండ్లకో అయిదేండ్లకో మార్చుకొనుచుండును. అవి చెడిపోయినందున కాదు. వాటి పూచీకాలము ముగియుటచేతను, క్రొత్తవానియందు వేగము హెచ్చగుటచేతను అట్లు చేయుదురు. ఇట్లు తీసివేసిన యంత్రములు గుంపులు గుంపులుగా వర్తకుల చేతికి వచ్చును. చెన్నపట్టణమున మౌంటురోడ్డు చెంతనున్న రిచ్చీవీధి, సికిందరాబాదున పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరు, బెంగుళూరున ఎస్. పి. రోడ్డు, ఢిల్లీలో నెహ్రూప్లేసు ఈ వ్యాపారమునకు పేరుపొందిన స్థలములు. అచ్చటి వర్తకులు యంత్రమును తుడిచి, దుమ్ము దులిపి, చెడిన భాగమును మార్చి, మరల అమ్ముదురు.

కొనువారు ఇచ్చట నొక విశేషమును తెలిసికొనవలయును. విండోస్ 10 అను వ్యవస్థకు దానిని చేసిన కంపెనీవారు 2025 అక్టోబరు 14 వ తేదీతో సాధారణ సంరక్షణను ముగించిరి. దాని తరువాతిదైన విండోస్ 11 నడచుటకు టి. పి. ఎం. 2.0 అను భద్రతాభాగము కావలయును. ఇంటెల్ ప్రాసెసరులలో ఎనిమిదవ తరమునుండి వచ్చినవే సామాన్యముగా అందులకు అర్హములు. కావున ఆరవ, ఏడవ తరముల యంత్రములు చౌకగా దొరకుచున్నవి. అవి పనికిరానివి కావు. లినక్సు అను ఉచిత వ్యవస్థతో అవి చదువుకు చక్కగా ఉపయోగపడును. కాని తక్కువ వెలకు కారణ మేమో తెలిసి కొనుట వేఱు, తెలియక కొనుట వేఱు. కావున వెల చెప్పించుకొనకమునుపు ప్రాసెసరు ఏ తరమునకు చెందినదో వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలయును.

పెట్టె నడచు దారి

చెన్నపట్టణమున కొన్న పెట్టె కావలికి వచ్చి, అచ్చటనుండి పడమరగా మన యూరికి చేరుటకు ఎన్ని చేతులు మారునో యోచింపుడు. అంగడినుండి బుకింగు ఆఫీసునకు ఒకమాఱు, అచ్చటనుండి గిడ్డంగికి ఒకమాఱు, గిడ్డంగినుండి లారీకి ఒకమాఱు, నెల్లూరుననో కావలిననో దింపి చిన్న బండికెక్కించుట ఒకమాఱు, తుదకు మన గడపలో దింపుట ఒకమాఱు. ఎత్తి దింపిన ప్రతిచోటను పెట్టె జాఱి పడుటకు అవకాశము కలదు. దారి ఎంత పొడవు అనుదానికంటె ఎన్ని చేతులు మారెను అనునదే ముఖ్యము.

మఱియు కొండాపురమను పేరు మన యూరికి మాత్రమే చెందినది కాదు. కడప జిల్లాలో రైలుస్టేషనుగల కొండాపుర మొకటి కలదు. హైదరాబాదు నగరమున కొండాపూరను పేట యొకటి కలదు. ఊరి పేరు మాత్రము వ్రాసిన పెట్టె దారి తప్పి ఒకచోటికి పోయి, మరల మన దారి పట్టినచో, దెబ్బలు తినుటకు రెట్టింపు అవకాశము కలుగును. మన దేశమున 1972 ఆగస్టు 15 వ తేదీనుండి అమలునకు వచ్చిన ఆరంకెల పిన్‌కోడు ఈ చిక్కును తీర్చుటకే యేర్పడినది. నెల్లూరు జిల్లా పిన్‌కోడులు 524 తో మొదలగును. చిరునామాలో మండలము, జిల్లా, పిన్‌కోడు, సెల్‌ఫోను సంఖ్య నాలుగును ఉండవలయును. ఆ చీటిని పెట్టె పైననేగాక లోపలను ఒకటి వేయింపవలయును. పైచీటి చినిగినను లోపలిది పలుకును.

దెబ్బయొక్క లెక్క

ఉదయగిరి కొయ్య గరిటె నొకదానిని బల్లమీదినుండి క్రిందికి జాఱవిడిచినచో దానికేమియు కాదు. అదే యెత్తునుండి కంప్యూటరు పడినచో ఏల చెడును? ఉన్నత తరగతుల విద్యార్థులు నేర్చిన భౌతికశాస్త్రముతోనే దీనిని లెక్కకట్టవచ్చును.

పడుచున్న వస్తువు నేలను తాకిన పిదప ఎంత దూరములో ఆగునో దానినిబట్టి దెబ్బ బలముండును. పడిన యెత్తును, ఆగుటకు పట్టిన దూరముతో భాగించినచో, ఆగునప్పుడు ఆ వస్తువులోని ప్రతి భాగముమీద సగటున దాని బరువునకు ఎన్నిరెట్ల బలము పనిచేయునో ఇంచుమించుగా తెలియును. పెట్టె 75 సెంటీమీటర్ల యెత్తునుండి పడి, లోపలి మెత్తని దిండు 5 సెంటీమీటర్లు నలిగి ఆగెననుకొందము. 75 ని 5 తో భాగించినచో 15 వచ్చును. అనగా బలము 15 రెట్లు. అదే పెట్టెలో దిండు లేక, అట్ట 2 మిల్లీమీటర్లు మాత్రమే నలిగి ఆగినచో, 75 సెంటీమీటర్లనగా 750 మిల్లీమీటర్లను 2 తో భాగింపగా 375 వచ్చును. బలము 375 రెట్లు.

ఇప్పుడు యంత్రములోని భాగములను చూతము. ప్రాసెసరును చల్లబఱచుటకు దానిపై బిగించిన లోహపు పలకల గుత్తియు ఫ్యానును కలిసి అర కిలో యున్నవనుకొందము. దిండుగల పెట్టెలో అది మదర్‌బోర్డును 7 న్నర కిలోల బరువుతో లాగును; బోర్డు దానిని ఓర్చును. దిండులేని పెట్టెలో అది దాదాపు 187 కిలోల బరువుతో లాగును. అనగా ఇద్దరు పెద్దమనుష్యులు ఆ పలుచని బోర్డుపై వ్రేలాడినట్లే. మేకులు ఊడుట, బోర్డు చీలుట, ప్రాసెసరు క్రింది సన్నని ముండ్లు వంగుట, ఇవియన్నియు ఆ క్షణములోనే జరుగును. గ్రాఫిక్సు కార్డు ఒక అంచునమాత్రమే పట్టుకొనియుండు బరువైన భాగము కావున అది తన గాడిని విఱిచికొని బయటకు వచ్చును. ర్యాము పలకలు తమ గాళ్లనుండి కొంచెము లేచిపోవును. ఇది చిన్న దోషమే గాని యంత్రము వెలుగదు.

హార్డు డిస్కు సంగతి ప్రత్యేకముగా చెప్పవలసినది. అందులో నున్నని పలకలు తిరుగుచుండగా, వాటిని తాకకుండ చదువు తల యొకటి అత్యల్ప దూరమున సంచరించును. యంత్రము ఆగియున్నప్పుడు తల ప్రక్కకు తప్పుకొనియుండును. ఆగియున్న డిస్కు దాదాపు 300 రెట్ల దెబ్బను ఓర్చునని తయారీదారుల పట్టికలు సామాన్యముగా తెలుపును. పైన మనము కట్టిన 375 అందులకు మించినది. తిరుగు భాగములు లేని ఎస్. ఎస్. డి. డిస్కునకు ఈ భయము చాల తక్కువ. కావున దూరమునుండి తెప్పించుకొనువారు ఎస్. ఎస్. డి. గల యంత్రమునే కోరుట మేలు.

దీనినిబట్టి తేలునదేమనగా, దిండుయొక్క పని యంత్రమును కప్పుట కాదు, ఆగు దూరమును పెంచుట. ఎంత గుడ్డ చుట్టినను అది నలుగుటకు చోటు లేనియెడల దానివలన ప్రయోజనము లేదు.

కట్టించుటలో అడుగవలసినవి

డబ్బు పంపకమునుపే అమ్మువానిని ఈ క్రింది సంగతులు అడిగి ఒప్పించుకొనవలయును. మంచి వర్తకుడు ఇందులకు కోపగింపడు. అతనికిని నష్టము తప్పును గదా.

మొదటిది: గ్రాఫిక్సు కార్డు ఉన్నచో దానిని ఊడదీసి వేఱుగా కట్టి అదే పెట్టెలో నుంచవలయును. ప్రాసెసరుమీది లోహపు గుత్తి పెద్దదైనచో దానినిగూడ అట్లే చేయుట మేలు. కార్యాలయములలో వాడిన చిన్న క్యాబినెట్టు యంత్రములందు ఈ గుత్తి చిన్నదిగా నుండును. ప్రత్యేక కార్డు తఱచుగా నుండదు. కావున అవి ప్రయాణమునకు ఎక్కువ అనుకూలములు.

రెండవది: క్యాబినెట్టు లోపలి ఖాళీని విద్యుత్తు పుట్టించని సంచిలో నుంచిన మెత్తని నురుగుతో నింపవలయును. లోపలి భాగములను సామాన్యపు థర్మోకోలు పూసలు తాకరాదు. రాపిడివలన పుట్టు విద్యుత్తు చిప్పులకు హాని చేయును.

మూడవది: యంత్రమునకు ఆఱు ప్రక్కలను కనీసము 5 సెంటీమీటర్ల నురుగు ఉండవలయును. నలిపిన వార్తాపత్రికలు ఒక్క దెబ్బకు అణగిపోయి మరల లేవవు. రెండవ దెబ్బకు అవి లేనట్లే.

నాల్గవది: పెట్టెలో పెట్టె యుండవలయును. పై అట్టపెట్టె క్రొత్తదియు, గట్టిదియు, బరువునకు తగినదియు కావలయును. కట్టిన పిదప ఊపిచూచినచో లోపల కదలిక వినబడరాదు.

ఐదవది: మానిటరును కంప్యూటరుతో ఒకే పెట్టెలో ఎన్నడును పెట్టింపరాదు. బరువైన యినుప పెట్టె ప్రక్కన గాజును పెట్టుట ఎట్టిదో చెప్పనక్కఱలేదు. క్యాబినెట్టుకు గాజు తలుపున్నచో దానినిగూడ ఊడదీసి వేఱుగా కట్టింపవలయును.

ఆఱవది: కట్టుటకు ముందు యంత్రము వెలిగి పనిచేయుచున్నట్లును, దాని సీరియలు నంబరు కనబడునట్లును, కట్టుచున్నట్లును వీడియో తీసి పంపుమని అడుగవలయును. ఇది ముఖ్యసాక్ష్యము. బయలుదేరునప్పుడు మంచిదిగా నుండెనని ఋజువైనచో, చెడినది దారిలోనేయని తేలును.

రసీదుమీది వ్రాత

మా పాఠశాలలో చదివి వెడలిన బాలిక యొకతె పాలిటెక్నిక్కులో చేరగా, ఆమె తల్లిదండ్రులు దూరపు పట్టణమునందలి వర్తకునొద్దనుండి పాత కంప్యూటరును తెప్పించిరి. పెట్టె వచ్చిన వేళకు తండ్రి పొలమున నుండెను. తెచ్చిన కుర్రవాడు, “అమ్మా, ఇంకను పది యిండ్లు తిరుగవలయును, త్వరగా సంతకము చేయండి” అని తొందరపెట్టెను. ఆ తల్లి పెట్టెను చుట్టును త్రిప్పి చూచి, ఒక మూల లోనికి నలిగియుండుట కనిపెట్టి, “నాయనా, నీ తప్పని నేననను. మూల నలిగినదని వ్రాసి సంతకము చేస్తాను, నీవును చూచి చేయి” అనెను. రసీదుమీద తెలుగులో ఆ మాట వ్రాసి, తేదియు వేళయు వేసి సంతకము చేసెను. కుమార్తె ఆ రసీదును, పెట్టెను సెల్‌ఫోనుతో ఫోటో తీసెను.

విప్పి చూడగా లోహపు గుత్తి ఊడి, మదర్‌బోర్డు ఒకచోట చీలియుండెను. వర్తకుడు రవాణావారి తప్పనెను. రవాణావారు కట్టుట సరిగా లేదనిరి. ఉత్తరములు జరుగుచుండగా మూడు వారములు గడచెను. తుదకు నలిగిన మూలను గూర్చిన ఆ వ్రాతయు ఫోటోలును చూపగా, వర్తకుడు బోర్డునకును గుత్తికిని అగు వెల తిరిగి యిచ్చెను. రవాణా ఛార్జీ తిరిగి రాలేదు. ఆ కుటుంబమునకు దక్కినది పూర్తి నష్టపరిహారము కాదు. బాలిక ఒక నెల దినములు స్నేహితురాలి యంత్రముపై పని చేసికొనవలసివచ్చెను. అయినను రసీదుమీద ఆ ఒక్క పంక్తి లేకున్నచో ఆ మాత్రమును దక్కియుండదు.

కలిగిరి వేలపు పొగాకును అమ్మిన రైతునకు ఈ సంగతి క్రొత్తగాదు. బేలు తూకము వేసి, వెల పాడి, చీటిమీద అంకెలు వ్రాసిన పిదపనే అది కదలును. చీటిలో లేని మాటకు పిదప విలువ యుండదు. సరకు మనము అమ్మునప్పుడు పాటించు ఈ జాగ్రత్తను, సరకు మనము కొనునప్పుడు విడిచిపెట్టుట యేల?

నేడు కొందఱు రవాణాదారులు కాగితపు రసీదునకు బదులు సెల్‌ఫోను తెరమీద వ్రేలితో సంతకము చేయింతురు, లేక ఒక సంఖ్యను చెప్పుమందురు. అట్టిచో వ్రాయుటకు స్థలముండదు. అప్పుడు తెచ్చినవాని యెదుటనే పెట్టె ఆఱు ప్రక్కలను ఫోటో తీసి, ఆ గడియలోనే అమ్మినవానికిని రవాణాదారునకును “పెట్టె నలిగి వచ్చినది, విప్పి చూచుటకు లోబడి తీసికొంటిమి” అని సందేశము పంపవలయును. పెట్టె పూర్తిగా చితికి, లోపల విఱిగిన ముక్కలు గలగలలాడుచున్నచో, తీసికొనక తిరుగగొట్టుటయే యుక్తము; ఆ కారణమును వ్రాయింపవలయును.

చట్టము చెప్పునది

చెన్నపట్టణమును బెజవాడను కలుపు రైలుమార్గము 1899 లో పూర్తియైనది. అంతకు 34 ఏండ్లకు ముందే, 1865 లో, సరకులు మోయువారి బాధ్యతను గూర్చి మన దేశమున చట్టమేర్పడెను. సరకు పోయినప్పుడు మోయువాని అజాగ్రత్తను సరకుగలవాడు ఋజువు చేయనక్కఱలేదని ఆ చట్టము చెప్పినది. దానికి బదులుగా 2007 నాటి రోడ్డు రవాణా చట్టము 2011 మార్చి 1 వ తేదీనుండి అమలులో నున్నది. ఇంటింటికి సరకు చేర్చు కొరియరు సంస్థలుగూడ దీని క్రిందికి వచ్చును. దైవికము, యుద్ధము, అల్లరులు, ప్రభుత్వపు ఆజ్ఞలు మొదలగు కొన్ని కారణములు తప్ప, దారిలో కలిగిన నష్టమునకు రవాణాదారు బాధ్యుడని దాని సారము.

అయితే ఇందులో రెండు మెలికలు కలవు. మొదటి మెలిక మొత్తమును గూర్చినది. హెచ్చు రేటు చెల్లించుటకు ఒప్పుకొననియెడల, రవాణాదారు బాధ్యత ఛార్జీకి పదిరెట్లకు మించదు. ప్రకటించిన వెలకును మించదు. ఛార్జీ 600 రూపాయలైనచో 6,000 రూపాయలు మాత్రమే. యంత్రము 18,000 రూపాయలదైనను అంతియే. కావున బుకింగు సమయమున నిజమైన వెలను వ్రాయించి, హెచ్చు రేటుగాని, దారి ఇన్సూరెన్సుగాని చెల్లింపవలయును. పన్నునకు భయపడి వెలను తక్కువగా వ్రాయింతు ననువానికి ఒప్పుకొనరాదు. అబద్ధపు అంకె ముందుగా మనకే కీడు చేయును.

రెండవ మెలిక కాలమును గూర్చినది. దావా వేయుటకు ముందు, సరకు బుక్కుచేసిన దినమునుండి 180 దినములలోపల, నష్టమును తెలుపుచు రవాణాదారునకు వ్రాతపూర్వకముగా నోటీసు ఇచ్చియుండవలయును. రైలులో వచ్చిన పార్సెలునకు 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము ఈ గడువు 6 నెలలు. ఫోనులో ఎన్నిమాఱులు మాటలాడినను నోటీసు కాదు. మాటలు నీటిమూటలని పెద్దలు ఊరక అనలేదు.

ఇక అమ్మినవాని సంగతి. 1930 నాటి సరకుల విక్రయ చట్టము ప్రకారము, అమ్మువాడు ఒప్పందము ననుసరించి సరకును రవాణాదారున కప్పగించినచో, వేఱు మాట లేనప్పుడు, కొన్నవానికే యప్పగించినట్లు భావింపబడును. ఆపై దారిలోని నష్టము సామాన్యముగా కొన్నవానిదగును. ఈ సంగతిని మన పల్లెలలో ఎఱిగినవారు అరుదు. అయితే సరకు స్వభావమునకు తగినట్లు రవాణాదారుతో తగిన యేర్పాటు చేయుట అమ్మువాని విధియనియు, అది చేయనిచో ఆ యప్పగింతను తనకు చేసినదిగా కొన్నవాడు ఒప్పుకొనకపోవచ్చు ననియు అదే చట్టము చెప్పుచున్నది. “వేఱు మాట లేనప్పుడు” అనుటలోనే మనకు దారి కలదు. ఆ వేఱు మాటను మనమే ముందుగా వ్రాయించుకొనవలయును. డబ్బు పంపకమునుపు ఈ యొక్క వాక్యమునకు అమ్మువాని సమ్మతిని వ్రాతలో తీసికొనుడు: “యంత్రము మా యింటికి చేరి, వెలిగి, పనిచేయువఱకు కలుగు నష్టము అమ్మినవారిదే.”

అంతర్జాలపు అంగడులద్వారా కొన్నచో 2020 నాటి ఇ-కామర్సు నియమములు తోడ్పడును. లోపముగల సరకును, చెప్పిన గుణములు లేని సరకును తిరిగి తీసికొనుటకు అమ్మువాడు నిరాకరింపరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలయును. ఒక నెలలో పరిష్కరింపవలయును. అట్లు కానిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. అమ్మినవాడు ఢిల్లీలో నున్నను మనము మన నెల్లూరుననే ఫిర్యాదు దాఖలు చేయుటకు ఆ చట్టము వీలు కల్పించినది. అయిదు లక్షల రూపాయలవఱకు రుసుము లేదు. గడువు రెండేండ్లు. అంతకుముందు 1915 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. అయితే వర్తకుడు కాక, తన యింటి యంత్రమును అమ్ముకొను సామాన్యునివద్ద కొన్నప్పుడు ఈ కమిషను దారి సామాన్యముగా దొరకదు. అప్పుడు మనకు దిక్కు వ్రాసికొన్న ఒప్పందమే.

పెట్టె విప్పిన పిదప

విప్పుటను మొదటినుండి తుదివఱకు ఆగకుండ వీడియో తీయుడు. అట్టపెట్టెను, నురుగును పారవేయకుడు. కట్టుటను పరీక్షింపవలసివచ్చినచో అవియే సాక్ష్యములు.

ఆతురతతో ప్లగ్గు పెట్టి మీట నొక్కుట ఎన్నడును కూడదు. ఊడిన మేకు ఒకటి బోర్డుపై పడియున్నచో, విద్యుత్తు ప్రవహించిన క్షణమున బాగుపడదగిన యంత్రముగూడ కాలిపోవును. పిదప “మీరే కాల్చితిరి” అనువానికి మనయొద్ద జవాబుండదు. కావున ముందుగా ప్రక్కపలకను తీసి, లోపల వెలుతురు వేసి చూడవలయును. యంత్రమును మెల్లగా వంచి, ఏదైనను దొరలునేమో వినవలయును. లోహపు గుత్తి నిలుకడగా నున్నదా, తీగెలు ఊడలేదా, బోర్డు అంచులు చీలలేదా యని పరికింపవలయును. చీలికగాని విఱుగుడుగాని కనబడినచో అచ్చటనే ఆగి, ఫోటోలు తీసి, అమ్మినవానికి ఆ దినముననే వ్రాయవలయును.

అన్నియు సరిగానున్నచో, చేతిని ముందు క్యాబినెట్టు ఇనుమునకు తాకించి, ర్యాము పలకలను తీసి మరల గట్టిగా నొక్కవలయును. పవర్ సప్లై వెనుక 115, 230 అను అంకెలుగల చిన్న మీట యున్నచో అది 230 వైపున నుండవలయును. అటుపిమ్మట వెలిగింపవచ్చును. వెలిగినంతమాత్రమున తృప్తిపడరాదు. డిస్కుయొక్క ఆరోగ్యమును తెలుపు స్మార్టు పట్టికను చూచి, ర్యామును పరీక్షించు ఉచిత కార్యక్రమమును ఒక రాత్రి నడిపింపవలయును. దెబ్బతిన్న అతుకులు చల్లగా నున్నప్పుడు పనిచేసి, వేడెక్కిన పిదప విడిపోవుట కలదు. ఈ పరీక్షలు మొదటి రెండు మూడు దినములలోనే ముగియవలయును. తిరిగి యిచ్చు గడువులు తఱచుగా స్వల్పములు.

యంత్రము చెడి వచ్చినను అన్నియు పోయినట్లు కాదు. బోర్డు చీలినను ర్యాము, ప్రాసెసరు, డిస్కు, పవర్ సప్లై తఱచుగా మంచివై యుండును; వాటిని మఱియొక బోర్డులో అమర్చుకొనవచ్చును. కాని పరిష్కారము తేలకమునుపు ఏ భాగమును మార్చరాదు. తుదకు పనికిరానిదని తేలిన బోర్డును చెత్తకుప్పలో వేయుటగాని కాల్చుటగాని కూడదు. పాత బోర్డుల అతుకులలో సీస ముండవచ్చును. అట్టివానిని అనుమతిగల సేకరణదారులకే యీయవలయును.

దగ్గఱలో కొనుట మేలా?

ఇంతయు చదివినవారు, “ఈ తిప్పలేల? కావలిలోనో నెల్లూరులోనో కొందము” అనవచ్చును. అది చాలమందికి మంచి యాలోచనయే. అచ్చట వెల కొంత హెచ్చుగా నుండవచ్చును గాని, కన్నులయెదుట వెలిగించి చూచి, బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చుకొన్న యంత్రమునకు దారిలో ప్రమాదము లేదు. చెడినచో తీసికొనిపోయి చూపుటకు మనిషి కలడు. దూరపు వెలను, దగ్గఱి వెలను సరిపోల్చునప్పుడు రవాణా ఛార్జీ, ఇన్సూరెన్సు, మంచిగా కట్టించుటకగు ఖర్చు, ఈ మూడింటిని దూరపు వెలకు కలుపవలయును. అటుపిమ్మట మిగిలిన తేడా స్వల్పమైనచో దగ్గఱ కొనుటయే లాభము. తేడా పెద్దదైనచో, పైన చెప్పిన జాగ్రత్తలతో తెప్పించుకొనవచ్చును.

ఒక్క మాటతో ముగింతుము. వ్రాయించుకొనుట యనగా ఎదుటివానిని దొంగయని అనుమానించుట కాదు. అమ్మినవాడు యథార్థుడైనచో, మంచిగా కట్టినట్లు అతని వీడియోయే అతనిని కాపాడును. తెచ్చిన కుర్రవాడు నిర్దోషియైనచో, పెట్టె తన చేతికి రాకమునుపే నలిగినదని చూపుటకు ఆ వ్రాతయే అతనికి అక్కఱకు వచ్చును. ముగ్గురును యథార్థులైనను దారిలో పెట్టె పడవచ్చును. అప్పుడు నష్టమును న్యాయముగా పంచుటకు కావలసినది కాగితము మీది నిజమే. మన విద్యార్థులు తమ యిండ్లలో చదువురాని పెద్దలకు ఈ సంగతులు చదివి చెప్పి, పెట్టె వచ్చిన దినమున కలమును, సెల్‌ఫోనును చేతపట్టుకొని గడపలో వారి ప్రక్కన నిలిచినయెడల, చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనవలసిన యక్కఱ అంతగా కలుగదు.